బయట తిండి

గుంటూరు,
2 ఫిబ్రవరి 2025, ఆదివారం

రాఘవా,

నిన్న ఫోన్లో నువ్వు అరిచావు, నేను పెట్టేశాను. మొన్నా అంతే. ఇక ఫోన్లో మనిద్దరికీ పొసగదని తేలిపోయింది కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఇందులో నువ్వు అరిచినా నాకు వినపడదు. నువ్వూ ఉత్తరమే రాయి. మీ నాన్నగారి పెన్నులు దేవుడి గది సొరుగులో ఉన్నాయి.

నువ్వడిగింది ఒకటే మాట. "హోటల్లో ఎందుకు తిన్నావు?" అని. చెప్తాను.

ఇక్కడ బ్రాడీపేటలో మా ఆడపిల్లల హాస్టల్లో పొద్దున పిల్లలు ఉద్యోగాలకి వెళ్లిపోయాక, సాయంత్రం గేటు వేసేదాకా వార్డెనుకి పెద్దగా పనుండదు. నీళ్లు రావడం లేదని ఒకరు, ఫ్యాను తిరగడం లేదని ఒకరు వస్తారు. వంటకి వేరే మనిషి ఉంది. ముప్పై ఏళ్లు మీ నాన్నగారికీ రాములవారికీ వండిపెట్టిన దాన్ని, పొయ్యి దగ్గరికి వెళ్లకుండా కూర్చోవడం చేతకావడం లేదు. మేడ మీదికి వెళ్తాను, ఆరేసిన బట్టలు చూస్తాను, దిగుతాను. కాసేపాగి మళ్లీ ఎక్కుతాను.

పై అంతస్తులో నజీరా అని ఒక అమ్మాయి ఉంది. వాళ్లది కొత్తపట్నం దగ్గర. రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. సెలవు రోజున గుంటూరులో కొత్తగా తెరిచిన హోటళ్లకి వెళ్లి, ఏది బాగుందో ఏది బాలేదో ఫోన్లో వీడియో తీసి పెడుతుంది. చాలామంది చూస్తారట. కిందటి ఆదివారం మెట్ల మీద ఎదురుపడి, "ఆంటీ, నాలుగో లైన్లో 'గరిటె' అని ప్యూర్ వెజ్ తెరిచారు. సాంబారు సంగతి నాకేం తెలుసు, మీరొచ్చి చెప్పండి" అంది. వద్దనాల్సింది. చెప్పులు వేసుకున్నాను.

గోడ నిండా ఇత్తడి గరిటెలు తగిలించారు. తళతళా మెరుస్తున్నాయి, ఒక్కటీ పులుసులో మునిగినట్టు లేదు. సర్వరు వచ్చి, "ఏం తీసుకుంటారమ్మా?" అన్నాడు. ఆ కార్డు ఇటు తిప్పాను, అటు తిప్పాను. మీ నాన్నగారికి గుత్తివంకాయ ఇష్టం. నీకు దొండకాయ వేపుడు. నాకేది ఇష్టమో నాకే తెలియదురా. ఈ వయసులో ఆ కుర్చీలో కూర్చున్నాక తెలిసింది ఆ సంగతి. సిగ్గేసింది.

చివరికి నజీరానే ఏదో చెప్పింది. సాంబారులో బెల్లం ఎక్కువైంది. రుచి సంగతి అలా ఉంచు, తిరిగొచ్చాక కాలు ఒకచోట నిలవలేదు. మళ్లీ ఎప్పుడు ఆదివారం వస్తుందా అని చూశాను. ఇదీ జరిగింది.

వేళకి తింటున్నావా? మజ్జిగలో అల్లం వేసుకో, ఎండలు మొదలయ్యాయి.

గేటు తాళం కొంగున కట్టుకుని తిరుగుతున్న
మీ అమ్మ


దర్శి,
8 ఫిబ్రవరి 2025

అమ్మా,

నాన్నగారి పెన్నుల్లో ఇంకు గడ్డకట్టిపోయింది. బాల్ పెన్నుతో రాస్తున్నాను.

నీకేది ఇష్టమో తెలుసుకోవడానికి హోటళ్ల వెంట తిరగాలా? నాన్నగారు పోయి ఏడాది దాటిందో లేదో. ఆయన ఎవరింటికి పెళ్లికి వెళ్లినా అటుకుల మూట వెంట తీసుకెళ్లేవారు. బస్సు ఎంతసేపు ఆగినా దిగి టీ చుక్క ముట్టుకునేవారు కాదు. ఊళ్లో కొత్తగా ముగ్గురు నలుగురు పౌరోహితులు వచ్చారు, బైకుల మీద తిరుగుతున్నారు, మైకుల్లో మంత్రాలు చదువుతున్నారు. అయినా జనం మన రామాలయానికే వస్తున్నారంటే ఆయన ఆచారం వల్ల. నేను ఆ పేరు మీద బతుకుతున్నాను.

వేళకి తింటున్నానా అని అడిగావు. పొద్దున నైవేద్యానికి వండిన అన్నమే రెండు పూటలా. కూర ఉంటే ఉంటుంది. కందిపప్పు ఒక్కోసారి మాడుతుంది. రాములవారు ఇంతవరకు ఏమీ అనలేదు.

మంచి కబురొకటి. ఇంతకు ముందు వచ్చిన సంబంధాల వాళ్లందరూ 'పూజారా?' అని ఒక్క మాట అడిగి ఫోటో వెనక్కి పంపేశారు కదా. ఇప్పుడు గుంటూరు పట్టాభిపురం నుంచి శివరామకృష్ణ గారని, రిటైరైన మాస్టారు, ఆయనే ఫోన్ చేశారు. అమ్మాయి పేరు వేదశ్రీ. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తుంది. 'పూజారి అయితే ఏమండీ, అబ్బాయి బుద్ధిమంతుడైతే చాలు' అన్నారు. ఆ మాట విని ఎన్నాళ్లయిందో. మార్చి రెండో తేదీ, ఆదివారం పెళ్లిచూపులు. నువ్వు అక్కడే ఉన్నావు కాబట్టి నేరుగా వచ్చేయి.

ఒక్కటి మాత్రం అడుగుతున్నాను. అప్పటిదాకా హోటళ్లకి వెళ్లకు. గుంటూరు ఎంత పెద్ద ఊరైనా మనవాళ్లుండేది నాలుగు వీధుల్లోనే. ఎవరో ఒకరి కంట పడతావు.

నీ గది రోజూ ఊడుస్తున్నాను.

రాఘవ


గుంటూరు,
19 ఫిబ్రవరి 2025

నాన్నా రాఘవా,

ఎంత చల్లటి కబురు చెప్పావు! శివరామకృష్ణ మాస్టారిని ఇక్కడ అందరూ మంచివాడనే అంటున్నారు. బీరువాలో కింది అరలో నా వంకాయ రంగు పట్టుచీర ఉంది, వచ్చేటప్పుడు తీసుకురా. నువ్వు జరీ పంచె కట్టుకో. అమ్మాయితో మాట్లాడమంటే నేల చూపులు చూడకు.

నువ్వడిగిన మాట మాత్రం ఇవ్వలేను. ఇవ్వలేనని తెలిసి ఊరికే సరేననడం ఎందుకు? ఈ రెండు ఆదివారాలూ వెళ్లాను.

లక్ష్మీపురంలో అయిదంతస్తుల పైన 'మిద్దె మీద' అని తెరిచారు. తీగలకి దీపాలు వేలాడదీశారు. గాలి మిర్చి యార్డు వైపు నుంచి తిరిగింది, మిరపఘాటుకి అక్కడున్నవాళ్లంతా ఒక్కసారే తుమ్మారు, సర్వరుతో సహా. రొట్టెలో రాజ్మా చుట్టి ఏదో ఇచ్చారు, మెక్సికో దేశం వాళ్లు తింటారట. పైన పట్టుకుంటే కింది నుంచి జారి ఒళ్లో పడింది. నవ్వొచ్చింది. నచ్చిందా అంటే సగం నచ్చింది. ఇంకో చోటికి వెళ్లేసరికి దానికి తాళం వేసుంది. తెరిచి నెల తిరగలేదట, ప్రారంభోత్సవం బ్యానరు కూడా తీయలేదు. ఇన్నర్ రింగురోడ్డు మీద ఒకటుంది, గోడలకి ఎర్రమట్టి పూసి, ఎడ్లబండి చక్రం ఆనించి, చెంబులో నీళ్లిస్తారు. పల్లెటూరంటే అదనుకుంటున్నారు పాపం. అక్కడ గారెలు తిన్నాను. ఏదీ పూర్తిగా నచ్చదు రా. నచ్చలేదు కాబట్టి ఇంకోటి చూడాలనిపిస్తుంది. శనివారం రాత్రికే మనసు గేటు దాటి వెళ్లిపోతుంది.

గుంటూరు ఎందుకొచ్చావని నువ్వు ఎప్పుడూ అడగలేదు. అడగకపోయినా చెప్తున్నాను. నాన్నగారి కర్మలు అయిపోయిన మర్నాడు తెల్లారి స్నానం చేసి, నైవేద్యానికి ఎసరు పెట్టబోతుంటే, నువ్వు నా చేతిలో గిన్నె తీసుకుని, "నువ్వు ఊరికే కూర్చో అమ్మా, ఇక నేను వండుతాను" అన్నావు. బొట్టు పోయినదాని చేతి వంట దేవుడికి పనికిరాదని నీ మనసులో ఉందని అప్పుడే అర్థమైంది. నిన్ను తప్పుపట్టను. ఆ ఇంట్లో పుట్టినవాడివి, అలాగే పెరిగావు. కానీ ఆ పొయ్యి ముందు తప్ప నాకు ఆ ఇంట్లో కూర్చునే చోటెక్కడుందో కనపడలేదు. ఏడాది పాటు వెతికాను. కనపడక వచ్చేశాను.

ఇది మనసులో పెట్టుకుని పెళ్లిచూపుల్లో ముఖం ముడుచుకోకు. అయిపోయిన సంగతి.

మీ అమ్మ


దర్శి,
10 మార్చి 2025

అమ్మా,

పెళ్లిచూపులు ఎంత బాగా జరిగాయో నువ్వూ చూశావు. వాళ్లమ్మగారు నీ పక్కన కూర్చుని కబుర్లాడారు. మేడ మీద వేదశ్రీతో మాట్లాడి దిగేటప్పుడు ఇది కుదిరినట్టేనని అనుకున్నాను. బస్సులో దర్శి వచ్చేదాకా ఒక్క కునుకు తీయలేదు.

శుక్రవారం శివరామకృష్ణ గారు ఫోన్ చేశారు. "ఏమీ అనుకోవద్దు బాబూ, మా అమ్మాయి ఇప్పుడే పెళ్లి వద్దంటోంది" అన్నారు. కారణం అడిగితే నీళ్లు నమిలారు.

కారణం మర్నాడు పొద్దున తెలిసింది. గుళ్లో హారతి ఇస్తున్నాను. కమిటీ ప్రెసిడెంటు బాపయ్య గారు లోపలికొస్తూనే, "ఏం పంతులూ! మీ అమ్మగారు ఫోన్లోకెక్కింది, చూశావా!" అని అందరూ వినేట్టు అరిచి, ఆ వీడియో నా ముఖం ముందు పెట్టారు. ఎడ్లబండి చక్రం పక్కన నువ్వు. గారె తుంచి, "చిల్లు ఒక్కటే సరిగ్గా పెట్టారమ్మా, లోపలంతా రాయే" అంటున్నావు. పక్కనున్న వాళ్లు పగలబడి నవ్వుతున్నారు. అది కాదు. నీ ముందు గిన్నె ఉంది. అందులో కోడికూర ఉంది. నీ చెయ్యి దానికి జానెడు దూరంలో ఉంది.

బాపయ్య గారు నవ్వుకుంటూ వెళ్లిపోయారు. ఆ నవ్వు ఏమిటో నాకు తెలుసు. వచ్చే నెల శ్రీరామనవమి. కల్యాణం ఎవరితో చేయించాలో ఉగాదికి కమిటీ కూర్చుని అనుకుంటుంది. దర్శి దాకా వచ్చిన వీడియో పట్టాభిపురం వెళ్లదా? వద్దని ముందే చెప్పాను. నా మాట విన్నావా?

ఇంకొకటి. నేను నిన్ను ఊరికే కూర్చోమన్న రోజు నీకు జ్వరం. ఒళ్లు కాలిపోతోంది. అందుకని అన్నాను. నా మాటకి నువ్వు ఇంత అర్థం తీసి, ఏడాది పాటు నాతో ఒక్కసారైనా అనకుండా ఊరు వదిలిపోయావా? ఆ ఉత్తరం చదివినప్పటి నుంచి గుళ్లో మంత్రం మధ్యలో ఆగిపోతున్నాను.

రాఘవ


గుంటూరు,
15 మార్చి 2025

రాఘవా,

అది కోడికూరే. దాచను. నజీరా తిన్నది, నేను తినలేదు. గిన్నె రాగానే ఆ పిల్ల లేచి, "ఆంటీ, నేను వేరే టేబుల్ మీద కూర్చోనా?" అని అడిగింది. ఇక్కడే కూర్చోమన్నాను. నన్ను వెంటపెట్టుకుని తీసుకెళ్లిన పిల్లని అవతలికి పంపితే నాకు ముద్ద దిగుతుందా?

జ్వరం సంగతి నిజమే. నేను మరిచిపోయాను, నువ్వు రాశాక గుర్తొచ్చింది. అంత మాట అనుకున్నందుకు నాకే కష్టంగా ఉంది. కానీ నాన్నా, ఆ జ్వరం తగ్గింది కదా? తగ్గాక పొయ్యి నాకు తిరిగిచ్చావా?

సంబంధం నా మూలంగా పోయిందంటున్నావు. అదే నిజమైతే ఆ పిల్లని నేనే అడుగుతాను. రేపటి ఆదివారం హాస్టల్లో ట్యాంకు కడుగుతున్నారు, కదలడానికి లేదు. వచ్చే ఆదివారం పట్టాభిపురం వెళ్తాను.

అమ్మ


దర్శి,
21 మార్చి 2025

అమ్మా,

వెళ్లొద్దు. నీ కాళ్లకి దణ్ణం పెడతాను, ఆ ఇంటికి వెళ్లొద్దు. వద్దన్న వాళ్ల గుమ్మం ఎక్కి ఎందుకు వద్దన్నారని అడిగితే పోయిన మర్యాద తిరిగి రాదు.

ఇక్కడ నా పరిస్థితి ఏమీ బాలేదు. బాపయ్య గారు ఆ రోజు నుంచి గుడికి రాలేదు. రోజూ ప్రదక్షిణాలు చేసే మనిషి. వాళ్లావిడ పున్నమ్మ గారూ కనపడటం లేదు. మొన్న బజార్లో వాళ్ల పాలేరు ఎదురైతే పలకరించబోయి, ఏం వినాల్సి వస్తుందోనని పక్క సందులోకి తిరిగాను. కల్యాణానికి పొదిలి నుంచి ఎవరినో పిలిపిస్తారని వినికిడి. నన్ను పిలవకపోతే నేను ఆ రోజు ఎక్కడ కూర్చోవాలి? గుళ్లోనా, ఇంట్లోనా?

సాయంత్రం గుడి తలుపులు వేశాక ఇంట్లో ఉండబుద్ధి కావడం లేదు. మిరపకల్లాల దాకా నడిచి వస్తున్నాను. ఈసారి కాయలు కల్లాల్లోనే ఎక్కువగా ఉండిపోయాయి, రేటు లేదట. ఎవరి ముఖంలోనూ కళ లేదు.

ఈ ఉత్తరం అందగానే ఆగిపో.

రాఘవ


గుంటూరు,
24 మార్చి 2025

నాన్నా,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. నిన్ననే వెళ్లొచ్చాను.

ముందు బాపయ్య గారి సంగతి చెప్తాను, నీ గుండె కుదుటపడుతుంది. నాలుగు రోజుల కిందట మధ్యాహ్నం గేటు దగ్గర పెద్ద కేక. "అమ్మగోరూ! నేను బాపయ్యని! దర్శి!" అని. లైన్లో ఉన్న ఇళ్లన్నిట్లోంచి తొంగి చూశారు. కాయలు యార్డుకి తెచ్చాడట, రేటు పలక్క బస్తాలు పెట్టుకుని పదిరోజులుగా అక్కడే కూర్చున్నాడట. పక్కన పున్నమ్మ. "ఆ వీడియోలో మీరు గారెలు తిన్న హోటలేదండీ? మా పున్నమ్మ చూసిన కాడ్నుంచి ఒకటే గోల, గుంటూరు పోతే అక్కడికే పోవాలంట" అన్నాడు. నేనే ఆటోలో తీసుకెళ్లాను. పున్నమ్మ బండి చక్రం పక్కన నిలబడి ఫోటో దిగింది. బాపయ్య గారు గారె కొరికి, "అమ్మగోరు చెప్పింది నిజమేనే, దీంతో దూలం కొట్టొచ్చు" అని హోటలంతా వినేట్టు అరిచాడు. అరిచి, ఇంకో ప్లేటు తెప్పించుకున్నాడు.

కల్యాణం మాట నేనే ఎత్తాను. ఆయన తెల్లబోయాడు. "పంతులు కాక ఇంకెవరు చేస్తారండీ? పొదిలి నుంచి వచ్చేది సన్నాయి మేళం. అసలా పిల్లోడికి ఏమైందండీ? మా పాలేరు పలకరిస్తే సందులోకి పారిపోయాడంట!" అన్నాడు. విన్నావా?

ఇప్పుడు రెండో సంగతి. ఇది చదివి నీకు కోపమొస్తుంది. రానీ.

మాస్టారు మర్యాదగానే లోపలికి పిలిచారు. నేను ఏదో అడగబోతుంటే వేదశ్రీ లోపలి నుంచి వచ్చి, "బయటికి వెళ్దామా అండీ? మా వీధి చివర కొత్తగా కాఫీ షాపు తెరిచారు" అంది. ఇద్దరం వెళ్లి కూర్చున్నాం. నేను తిన్నగా అడిగాను, "అమ్మా, నా వీడియో చూసి వద్దన్నావా?" అని.

"ఏం వీడియో అండీ?" అంది. నజీరాకి ఫోన్ చేసి, ఆ వీడియో నా ఫోన్లోకి తెప్పించి చూపించాను. చూసి, నవ్వి, ఇంకోసారి చూసింది. తర్వాత ఫోను బల్ల మీద పెట్టి నెమ్మదిగా చెప్పింది. "ఆ రోజు మేడ మీద మీ అబ్బాయి గారు బాగానే మాట్లాడారండీ. ఉద్యోగం మానక్కర్లేదన్నారు. కానీ ఇంట్లో రోజూ మడి అనీ, బయట తిండి మాత్రం ఎప్పటికీ కుదరదనీ అన్నారు. ఇంట్లో ఆడవాళ్లకి అది కష్టంగా ఉండదా అని అడిగితే, 'మా అమ్మ ముప్పై ఏళ్లు అలాగే ఉంది, అమ్మకి ఏ ఇబ్బందీ లేదు' అన్నారు."

అని నా ముఖంలోకి చూసింది. "నిజమేనా అండీ?"

నేను కాఫీలో చెంచా తిప్పుతూ ఉండిపోయాను. నిజమేనమ్మా అంటే చాలు, నీ పెళ్లి అయిపోతుంది. ఆ పిల్ల నన్ను నమ్మేది. ఎంత మంచి పిల్లో నీకు చెప్పలేను. నోరు తెరిచి, "కాదమ్మా" అన్నాను.

అనేశాక ఇక ఆగలేదు. నువ్వు కడుపులో ఉన్నప్పుడు దర్శి బస్టాండు ముందు నుంచి మీ నాన్నగారితో నడుస్తున్నాను. బండి మీద మిరపకాయ బజ్జీలు వేస్తున్నాడు. ఆ వాసనకి కాళ్లు ఆగిపోయాయి. మీ నాన్నగారు నా వైపు చూశారు, బండి వైపు చూశారు, గబగబా నడిచారు. మర్నాడు మడి కట్టుకుని ఆయనే శనగపిండి కలిపి, ఆయనే బజ్జీలు వేసి, వేడివేడిగా నా ముందు పెట్టారు. ఆయన మనసు ఎంత మెత్తనిదో చూడు. నేను తిన్నాను. బాగున్నాయన్నాను. కానీ నాకు కావలసింది ఆ బజ్జీలు కాదురా. ఆ రోడ్డు మీద, అందరిలో నిలబడి, కాగితంలో పెట్టించుకుని, ముక్కు కారుతుంటే తినాలని. ఆ సంగతి ఆయనకి ఎలా చెప్పను? ఇబ్బంది అంటే అదేనమ్మా, చెప్పుకోవడానికి కూడా చిన్నగా ఉంటుంది అన్నాను.

ఆ పిల్ల కాఫీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

పట్టాభిపురం నుంచి బ్రాడీపేట దాకా ఎండలో నడిచే వచ్చాను. ఆటో ఎక్కి ఒకచోట కూర్చునే ఓపిక లేకపోయింది. నీ సంబంధం ఇప్పుడు నిజంగానే నా మూలంగా పోయింది. నీకు వేరే ఎవరి ద్వారానో తెలియకూడదని నేనే రాస్తున్నాను.

మీ అమ్మ


దర్శి,
14 ఏప్రిల్ 2025, సోమవారం

అమ్మా,

ఇన్నాళ్లూ రాయలేదని దిగులు పడుతూ ఉంటావు. రెండు ఉత్తరాలు రాశాను. మొదటి దాంట్లో నీకేం హక్కుందని అడిగాను. చింపేశాను. రెండో దాంట్లో నిన్ను క్షమించానని రాశాను. చదువుకుంటే అది మొదటి దానికంటే అన్యాయంగా ఉంది. అదీ చింపేశాను.

కల్యాణం బాగా జరిగింది. బాపయ్య గారు పట్టుబట్టలు మోసుకొచ్చి నా చేతికిస్తూ, "ఏం పంతులూ, ఈసారైనా నా వంక చూస్తావా?" అన్నారు. పందిట్లో అందరూ నవ్వారు. పున్నమ్మ గారు అందరికీ బండి చక్రం ఫోటో చూపించింది. నేను ఇన్నాళ్లూ ఎవరిని చూసి భయపడ్డానో నాకే అర్థం కాలేదు.

పానకం పంచుతుంటే ఒక ముసలావిడ రెండు గ్లాసులు తాగి మూడోది అడిగింది. వాళ్ల కోడలు, "చాల్లే అత్తా, నీకు పడదు" అని లాక్కెళ్లింది. "ఆవిడకి పడదండీ" అని నాతో కూడా చెప్పింది. ముసలావిడ ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఆ సాయంత్రమంతా నాకు మనసు నిలవలేదు. అమ్మకి ఏ ఇబ్బందీ లేదని వేదశ్రీకి నేను చెప్పానే, ఎవరిని అడిగి చెప్పాను?

నిన్న నీకు చెప్పకుండా గుంటూరు వచ్చి వెళ్లాను. కోపగించుకోకు. శివరామకృష్ణ గారికి ముందే ఫోన్ చేసి, అమ్మాయికి ఇష్టమైతే ఒక్కసారి మాట్లాడతానన్నాను. వేదశ్రీ, మీరిద్దరూ కూర్చున్న కాఫీ షాపు కాదు, ఇంకో చోట కొత్త టిఫిన్ హోటలుకి రమ్మంది. కావాలనే పిలిచిందని తెలుసు. వెళ్లాను. పిలకతో, పంచెతో నేను లోపలికి వెళ్తే కౌంటరు దగ్గరున్నాయన చందా కోసం వచ్చాననుకుని ముందే జేబులో చెయ్యి పెట్టాడు.

ఆవిడ రవ్వదోసె చెప్పింది. నన్ను అడిగితే, "నాకేమీ వద్దండి, మీరు తినండి" అన్నాను.

"నా మనసు మార్చడానికి వచ్చారా?" అంది.

"లేదండి. మా అమ్మ గురించి ఆ రోజు నాకే సరిగ్గా తెలియకుండా ఒక మాట చెప్పాను. అది నిజం కాదని చెప్పడానికి వచ్చాను."

"మీ అమ్మగారు చెప్పేశారు కదా."

"ఆవిడ చెప్పారు. చెప్పాల్సింది నేను."

ఆవిడ దోసె తుంచింది. కరకరమని చప్పుడైంది. నెయ్యి వేసి కాల్చారు, జీలకర్ర, పచ్చిమిరప, ఉల్లిపాయ కలిసిన వాసన మొహానికి కొట్టింది. పొద్దున ఆరాధన అయ్యాక రెండు అరటిపళ్లు తిని బస్సెక్కాను, అంతే.

"మరి మీ సంగతేమిటండీ?" అంది.

"నేను బయట తినలేనండి. ఆచారమో, అలవాటో, భయమో నాకే తెలియదు. పుట్టినప్పటి నుంచి తినలేదు. మీరు తింటే వద్దనను. అలా అన్నాక కూడా లోపల ఏ మూలో కష్టంగా అనిపించొచ్చు. అనిపించదని అబద్ధం చెప్పలేను."

ఆవిడ తొందర లేకుండా తింటోంది. చట్నీలో అద్దుకుంటోంది, సాంబారులో అద్దుకుంటోంది. తింటూనే నా వైపు చూసి, "ఇప్పుడు నేనిలా మీ ఎదురుగా తింటుంటే మీకెలా ఉందండీ? నిజం చెప్పండి" అంది.

ఏదో పెద్ద మాట చెప్పబోయాను. శాస్త్రంలో ఏముందో, నాన్నగారు ఏమనేవారో. అదేమీ రాలేదు.

"ఆకలేస్తోందండి" అన్నాను.

ఆవిడకి పొలమారింది. నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుని, ఇంకా నవ్వుతూనే ఉంది. నాకూ నవ్వొచ్చింది. అమ్మా, నాన్నగారు పోయాక నేను నవ్వడం అదే మొదటిసారేమో. తినమని ఆవిడ అడగలేదు. నేనూ తినలేదు.

సంబంధం కుదిరిందని రాయడం లేదు. కుదరలేదు. వేసవి సెలవుల్లో వాళ్ల నాన్నగారితో వచ్చి గుడీ, ఇల్లూ చూస్తానంది. చూశాక వద్దంటుందేమో కూడా అంది. సరేనన్నాను.

బస్సు నరసరావుపేట దాటేసరికి ఆకలికి కళ్లు తిరిగాయి. కిటికీ పక్కన పల్లీలమ్మేవాడు అరుస్తూ వెళ్లాడు. కొనలేదు, కానీ కిటికీ మూయలేదు. దర్శిలో దిగి, స్నానం చేసి, సాయంత్రం ఆరాధన అయ్యేదాకా ఆగి, ఇంటికొచ్చి పొయ్యి వెలిగించాను. పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయాను. మరిచిపోయానని సగం తిన్నాక గాని తెలియలేదు. గిన్నె ఖాళీ చేశాను.

నువ్వు ఎప్పుడు తిరిగొస్తావని ఇక అడగను. రావాలనిపించినప్పుడు రా. ఈ ఆదివారం ఎక్కడికి వెళ్తున్నారో, ఏం బాగుందో, ఏది నీకు పూర్తిగా నచ్చిందో రాయి. నాకు తినడానికి కాదు. తెలుసుకోవాలని ఉంది.

నీ కొడుకు
రాఘవ